చెవికి ఎన్ని మిల్లీవాట్లు చాలు?

మీ ఇంట్లో వెలిగే ఎల్.ఇ.డి. బల్బు మీద ఏం రాసి ఉందో ఎప్పుడైనా చూశారా? 9 వాట్లు అనో, 12 వాట్లు అనో ఉంటుంది. పెళ్ళి పందిట్లో పెట్టే మైకు సెట్టు ఆంప్లిఫయరు వందల వాట్లది. మరి, మీరు చెవులకు తగిలించుకొని పాటలు వినే హెడ్‌ఫోన్‌కు ఎన్ని వాట్లు కావాలి? ఒకటా? పదా? ముందు మీకు తోచిన అంకెను ఒక కాగితం మీద రాసుకోండి. ఈ పాఠం పూర్తయ్యాక దాన్ని సరిచూసుకుందాం.

ఈ విషయంలో రెండు రకాల మాటలు వినిపిస్తుంటాయి. "ఆంప్లిఫయరు ఎంత పెద్దదైతే పాట అంత బాగుంటుంది" అని కొందరంటారు. "పెద్ద ఆంప్లిఫయరు పెట్టుకుంటే చెవులు పోతాయి" అని మరికొందరంటారు. రెండింటిలోనూ కొంత నిజముంది, కొంత పొరపాటూ ఉంది. ఎంతవరకు నిజమో తేల్చడానికి పెద్ద పరికరాలేమీ అక్కరలేదు. మీరు చదువుకున్న ఓం నియమం, విద్యుత్ సామర్థ్యం సూత్రం, కాస్త గుణకారం, భాగహారం చాలు.

హెడ్‌ఫోన్ లోపల ఏముంది?

ఒక చిన్న శాశ్వత అయస్కాంతం, దాని ధ్రువాల మధ్య కదలడానికి వీలుగా అమర్చిన సన్నని తీగచుట్ట, ఆ తీగచుట్టకు అంటించిన పలుచని పొర. సాధారణ హెడ్‌ఫోన్‌లో ముఖ్యమైన భాగాలు ఇవే. పాటకు అనుగుణంగా మారే విద్యుత్ ప్రవాహం తీగచుట్ట గుండా పోయినప్పుడు అయస్కాంత క్షేత్రం దాన్ని ముందుకూ వెనక్కూ నెడుతుంది. ఫ్లెమింగ్ ఎడమచేతి నిబంధన గుర్తుంది కదా! విద్యుత్ మోటారును తిప్పే బలమే ఇక్కడ పొరను ఊపుతుంది. పొర ఊగితే గాలి ఊగుతుంది. గాలి ఊగితే మీ కర్ణభేరి ఊగుతుంది. అదే శబ్దం.

లౌడ్‌స్పీకరు పనిచేసే తీరూ ఇదే. అయితే ఒక పెద్ద తేడా ఉంది. లౌడ్‌స్పీకరు గదిలోని గాలినంతా కదిలించాలి. అందులో మీ చెవిలోకి వచ్చేది ఎంత? దూరం రెట్టింపైతే, అడ్డంకులు లేని చోట, ధ్వని తీవ్రత నాలుగో వంతుకు పడిపోతుంది. మిగిలిన శబ్దమంతా గోడలకూ, కిటికీలకూ, పక్కింటివారికీ పోతుంది! హెడ్‌ఫోనో, చెవికీ పొరకూ మధ్య ఉన్న గుక్కెడు గాలిని కదిలిస్తే చాలు. ఆ శబ్దం బయటికి పోవడానికి దారి కూడా తక్కువే.

లెక్కల్లో చూస్తే ఈ తేడా మరీ వింతగా ఉంటుంది. ఇళ్ళలో వాడే లౌడ్‌స్పీకరుకు 1 వాట్ ఇస్తే, ఒక మీటరు దూరంలో సుమారు 85 నుంచి 90 డెసిబెల్‌ల శబ్దం వస్తుంది. చాలా హెడ్‌ఫోన్లు అందులో వెయ్యో వంతు, అంటే 1 మిల్లీవాట్ ఇస్తేనే 100 డెసిబెల్‌ల దాకా పోతాయి.

అసలు ఆంప్లిఫయరే లేని రోజుల్లో కూడా హెడ్‌ఫోన్లు పనిచేశాయి. అమెరికాలోని ఉటా రాష్ట్రానికి చెందిన నథానియెల్ బాల్డ్విన్ తాను తయారుచేసిన హెడ్‌ఫోన్లను 1910 లో అక్కడి నౌకాదళానికి పరీక్ష కోసం పంపాడు. వాటికి వేరే విద్యుత్ సరఫరా ఏదీ అక్కరలేదు. ఆ తరువాత ఇళ్ళలో వాడిన స్ఫటిక రేడియోలో బ్యాటరీ ఉండేది కాదు. పొడవైన ఏరియల్ తీగ గాలిలోంచి పట్టుకున్న రేడియో తరంగాల కొద్దిపాటి శక్తే హెడ్‌ఫోన్‌ను పలికించేది. అంత కొద్ది శక్తికే వినగలిగినంత సున్నితమైనది మన చెవి.

డెసిబెల్ నిచ్చెన

ముందుకు పోయే ముందు డెసిబెల్ సంగతి తెలుసుకోవాలి. టెలిఫోన్‌ను కనిపెట్టిన అలెగ్జాండర్ గ్రాహం బెల్ పేరు మీద ఏర్పడిన ప్రమాణం ఇది. చెవి వినగల అతి చిన్న శబ్దానికీ, నొప్పి పుట్టించే శబ్దానికీ మధ్య తీవ్రతలో తేడా లక్ష కోట్ల రెట్లు. ఇంత పెద్ద అంకెలతో పని చేయడం కష్టం. అందుకే ఇంజనీర్లు సంవర్గమానాల సాయంతో ఒక నిచ్చెన కట్టారు. దాని మెట్లెక్కడానికి మీరు రెండే నియమాలు గుర్తుంచుకోవాలి.

ఒకటి: సామర్థ్యం 10 రెట్లయితే శబ్దం 10 డెసిబెల్‌లు పెరుగుతుంది. 100 రెట్లయితే 20, 1000 రెట్లయితే 30.

రెండు: సామర్థ్యం 2 రెట్లయితే శబ్దం 3 డెసిబెల్‌లు పెరుగుతుంది.

ఈ నిచ్చెన మీద గుసగుసలు 30 డెసిబెల్‌ల దగ్గర, మామూలు సంభాషణ 60 దగ్గర ఉంటాయి. రద్దీ బస్సులో రొద 80 దరిదాపుల్లో ఉంటుంది. పెళ్ళి ఊరేగింపులో డి.జె. పెట్టెల పక్కన నిలబడితే 100 దాటుతుంది. మన దేశంలో 2000 లో వచ్చిన శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాలలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్‌లు మించకూడదు.

ఇక్కడొక తమాషా ఉంది. 3 డెసిబెల్‌లు పెరిగితే సామర్థ్యం రెట్టింపైనట్టే. అయినా చెవికి మాత్రం "కాస్త పెరిగినట్టుందే" అని తోస్తుందంతే. శబ్దం రెండింతలైనట్టు అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్‌లు పెరగాలి, అంటే సామర్థ్యం పది రెట్లు కావాలి. ఒక దుకాణంలో 200 మిల్లీవాట్ల ఆంప్లిఫయరు, దాని పక్కనే 400 మిల్లీవాట్లది ఉన్నాయనుకోండి. రెండోదానికి ధర ఎక్కువే కావచ్చు, కానీ అది అదనంగా ఇచ్చేది 3 డెసిబెల్‌లు మాత్రమే.

పెట్టె మీది రెండు అంకెలు

మంచి హెడ్‌ఫోన్ కొంటే దాని పెట్టె మీద రెండు అంకెలు కనిపిస్తాయి.

మొదటిది అవరోధం. దీన్ని ఓములలో ఇస్తారు. ఏకాంతర విద్యుత్తుకు తీగచుట్ట చూపే నిరోధమే ఇదని ప్రస్తుతానికి అనుకుందాం. ఫోన్లకు వాడేవి సాధారణంగా 16 లేదా 32 ఓములు ఉంటాయి. స్టూడియోలలో వాడేవి 250, 300, 600 ఓముల దాకా ఉంటాయి.

రెండోది సున్నితత్వం. 1 మిల్లీవాట్ ఇస్తే ఎన్ని డెసిబెల్‌లు వస్తాయో చెప్పే అంకె ఇది. కొందరు తయారీదారులు 1 మిల్లీవాట్‌కు బదులు 1 వోల్టుకు ఎంత వస్తుందో ఇస్తారు. ఈ రెండూ ఒకటి కావు. 32 ఓముల హెడ్‌ఫోన్‌కు 1 వోల్టు ఇస్తే అది తీసుకొనేది 31 మిల్లీవాట్లు! కనుక వోల్టుకు ఇచ్చిన అంకె 15 డెసిబెల్‌లు ఎక్కువగా కనిపిస్తుంది. రెండు హెడ్‌ఫోన్లను పోల్చేటప్పుడు ఈ సంగతి మరవకండి.

ఇప్పుడు లెక్క చేద్దాం

32 ఓముల అవరోధం, 1 మిల్లీవాట్‌కు 100 డెసిబెల్‌ల సున్నితత్వం ఉన్న హెడ్‌ఫోన్‌ను తీసుకుందాం. దీనికి "కనకం" అని పేరు పెడదాం. హాయిగా వినడానికి సగటున 70 డెసిబెల్‌లు చాలు. ఇది మామూలు సంభాషణ కంటే గట్టి శబ్దమే.

100 నుంచి 70 కి రావాలంటే 30 డెసిబెల్‌లు తగ్గాలి. అంటే సామర్థ్యం 1000 వ వంతు కావాలి. 1 మిల్లీవాట్‌లో 1000 వ వంతు 0.001 మిల్లీవాట్. దాన్నే 1 మైక్రోవాట్ అంటారు.

ఎంత వోల్టేజి కావాలి? సామర్థ్యం = (వోల్టేజి × వోల్టేజి) ÷ నిరోధం. కాబట్టి వోల్టేజి అంటే, సామర్థ్యాన్నీ నిరోధాన్నీ గుణించగా వచ్చినదాని వర్గమూలం. 0.000001 వాట్‌ను 32 తో గుణించి వర్గమూలం కడితే సుమారు 0.006 వోల్టు వస్తుంది. అంటే 6 మిల్లీవోల్టులు!

ఇదే విధంగా మిగతా మెట్లకు లెక్క కడితే ఈ పట్టిక వస్తుంది.

70 డెసిబెల్‌లకు: 0.001 మిల్లీవాట్, 6 మిల్లీవోల్టులు
80 డెసిబెల్‌లకు: 0.01 మిల్లీవాట్, 18 మిల్లీవోల్టులు
90 డెసిబెల్‌లకు: 0.1 మిల్లీవాట్, 57 మిల్లీవోల్టులు
100 డెసిబెల్‌లకు: 1 మిల్లీవాట్, 179 మిల్లీవోల్టులు
110 డెసిబెల్‌లకు: 10 మిల్లీవాట్లు, 566 మిల్లీవోల్టులు
120 డెసిబెల్‌లకు: 100 మిల్లీవాట్లు, 1.8 వోల్టులు

మీరు కాగితం మీద రాసుకున్న అంకెను ఇప్పుడు చూడండి. 9 వాట్ల బల్బుకు ఇచ్చే సామర్థ్యాన్ని పంచితే, ఒక్కొక్క చెవికి 1 మైక్రోవాట్ చొప్పున 90 లక్షల చెవులకు పాట వినిపించవచ్చు! ఆంప్లిఫయరు తన అవసరానికి వాడుకొనే విద్యుత్తు వేరే ఉంటుంది. మనం చెబుతున్నది హెడ్‌ఫోన్‌కు చేరేదాని గురించి మాత్రమే.

శబ్దం ఎందుకు పగులుతుంది?

"1 మైక్రోవాటే చాలైతే ఇంకా పెద్ద ఆంప్లిఫయర్లు ఎందుకు?" అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్న.

మనం తీసుకున్న 70 డెసిబెల్‌లు సగటు. పాట ఎప్పుడూ సగటున నిలబడదు. కచేరీలో తంబుర శ్రుతి మెల్లగా సాగుతూ ఉండగా మృదంగం మీద ఒక్క దెబ్బ పడుతుంది. ఆ క్షణంలో శబ్దం సగటు కంటే 20 డెసిబెల్‌లు పైకి లేవవచ్చు. 20 డెసిబెల్‌లంటే సామర్థ్యంలో 100 రెట్లు, వోల్టేజిలో 10 రెట్లు. ఆ కొన్ని మిల్లీసెకన్ల పాటు ఆంప్లిఫయరు అంత వోల్టేజినీ ఇవ్వగలగాలి.

ఏటి గట్టును తలచుకోండి. గట్టు ఎత్తు రోజూ పారే నీటిని బట్టి కట్టరు. వరదను బట్టి కడతారు. ఆంప్లిఫయరు సామర్థ్యం కూడా అలాంటిదే. అదనపు సామర్థ్యం రోజూ వాడుకోవడానికి కాదు, క్షణకాలం వచ్చే శిఖరాలు తెగిపోకుండా ఉండడానికి.

గట్టు చాలకపోతే ఏమవుతుంది? ఏ ఆంప్లిఫయరూ తనకు అందే సరఫరా వోల్టేజిని మించి ఇవ్వలేదు. 1.5 వోల్టుల పెన్సిల్ సెల్ ఒక్కదానితో నడిచే సాదా ఆంప్లిఫయరును ఊహించండి. దానిలో తరంగం ఇటు 0.75 వోల్టు, అటు 0.75 వోల్టు మాత్రమే ఊగగలదు. నునుపుగా ఎక్కి దిగవలసిన తరంగం అక్కడికి రాగానే పైకప్పుకు తగిలినట్టు ఆగిపోయి బల్లపరుపుగా మారుతుంది. ఆ బల్లపరుపు ఆకారంలో అసలు పాటలో లేని ఎక్కువ పౌనఃపున్యాల అనుస్వరాలు పుట్టుకొస్తాయి. చెవికి అది గరగరలాడుతూ, పగిలినట్టు వినిపిస్తుంది. "సౌండు పగులుతోంది" అని మనం అనేది దీన్నే.

మన కనకానికి ఈ ఇబ్బంది వస్తుందా? సగటు 70, శిఖరం 90. పట్టికలో 90 డెసిబెల్‌లకు ఎదురుగా 57 మిల్లీవోల్టులు ఉంది. అర వోల్టు ఇవ్వగల మామూలు ఫోను కూడా దీనికి తొమ్మిది రెట్ల వోల్టేజి ఇవ్వగలదు. వేరే ఆంప్లిఫయరు అక్కరే లేదు.

ఇప్పుడు మరో హెడ్‌ఫోన్‌ను తీసుకుందాం. దీని అవరోధం 300 ఓములు, సున్నితత్వం 1 మిల్లీవాట్‌కు 90 డెసిబెల్‌లు. దీని పేరు "భీముడు". ఇది 90 డెసిబెల్‌ల శిఖరాన్ని అందుకోవడానికి 1 మిల్లీవాట్ కావాలి. అంటే 0.001 వాట్‌ను 300 తో గుణించి వర్గమూలం కట్టాలి. 0.55 వోల్టు వచ్చింది. అర వోల్టు ఫోనుకు ఇక్కడే గట్టు తెగింది! ఇంకో 5 డెసిబెల్‌లు ఎత్తయిన శిఖరం వస్తే సుమారు 1 వోల్టు కావాలి. భీముడికి విడిగా ఆంప్లిఫయరు ఉంటే మంచిదే. అయితే గమనించండి. అప్పుడు కూడా వాడుకొనేది 3 మిల్లీవాట్లే. లోటు పడింది వాట్లలో కాదు, వోల్టులలో.

ఎక్కువ ఓముల హెడ్‌ఫోన్‌కు వోల్టేజి ఎక్కువ కావాలి. తక్కువ ఓములూ, తక్కువ సున్నితత్వమూ ఉన్నదానికి విద్యుత్ ప్రవాహం ఎక్కువ కావాలి. ఒకే ఒక్క వాట్ల అంకె చూసి ఆంప్లిఫయరును ఎంచకూడదనడానికి కారణం ఇదే. ఒకప్పుడు టేప్ రికార్డర్ల మీద పి.ఎం.పి.ఓ. అంటూ వేల వాట్లు అచ్చువేసి అమ్మేవారు. నిజంగా అవి ఎడతెగక ఇవ్వగలిగేది కొద్ది వాట్లే. అంకె పెద్దదైనంత మాత్రాన శబ్దం శుభ్రం కాదు.

మరో సంగతి. ఆంప్లిఫయరుకు కూడా తనదైన అంతర్నిరోధం ఉంటుంది, టార్చిలైటు సెల్‌కు ఉన్నట్టే. అది 32 ఓములు, హెడ్‌ఫోన్ 32 ఓములు అయితే వోల్టేజిలో సగం ఆంప్లిఫయరులోనే పోతుంది. పైగా హెడ్‌ఫోన్ అవరోధం అన్ని స్వరాలకూ ఒకేలా ఉండదు. కాబట్టి కొన్ని స్వరాలు ఎక్కువగా, కొన్ని తక్కువగా వినిపించి పాట రూపం మారుతుంది. ఆంప్లిఫయరు అంతర్నిరోధం హెడ్‌ఫోన్ అవరోధంలో ఎనిమిదో వంతుకు మించకుండా చూసుకోవాలని ఇంజనీర్లు ఒక లెక్క చెబుతారు. 32 ఓములకైతే 4 ఓములన్నమాట.

అవసరాన్ని మించి పెద్ద ఆంప్లిఫయరు పెడితే ఏమిటి నష్టం? సున్నితమైన ఇయర్‌ఫోన్‌లో పాట ఆగినప్పుడు "స్‌స్‌..." అని ఒక రొద వినిపిస్తుంది. అది ఆంప్లిఫయరు సొంత శబ్దం. ఎంత పెంచితే అది కూడా అంత పెరుగుతుంది. పెద్ద ఆంప్లిఫయరులో నాబ్‌ను గోరంత కదిపినా శబ్దం కొండంత లేస్తుంది. ఇక్కడి నుంచి మనం రెండో ప్రశ్నలోకి పోతున్నాం.

చెవి భరించగలిగేది ఎంత?

కర్ణభేరి కంపనాలు మూడు చిన్న ఎముకల ద్వారా లోపలి చెవిలోని కర్ణావర్తానికి చేరతాయి. నత్తగుల్లలా చుట్టుకొని ఉండే ఆ అవయవంలో ద్రవం ఉంటుంది. దానిలో దాదాపు 15 వేల రోమ కణాలు బారులు తీరి ఉంటాయి. ద్రవం కదిలితే వాటి కొసనున్న సన్నని రోమాలు వంగుతాయి. అప్పుడు పుట్టిన సంకేతాలు శ్రవణ నాడి గుండా మెదడుకు పోతాయి. ఏ స్వరం కర్ణావర్తంలో ఏ చోట ఎక్కువగా అలలు లేపుతుందో పరిశోధించి చూపిన జార్జ్ ఫాన్ బెకెషీకి 1961 లో నోబెల్ బహుమతి వచ్చింది.

గాలివానకు వరిచేను ఒరిగిపోవడం చూశారు కదా! పెద్ద శబ్దానికి ఈ రోమాలు కూడా అలాగే ఒరిగిపోతాయి. కొంచెం ఒరిగితే విశ్రాంతి తరువాత లేస్తాయి. మాటిమాటికీ ఒరిగితే ఆ కణాలు చచ్చిపోతాయి. పక్షులలో చచ్చిన రోమ కణాల స్థానంలో కొత్తవి పుడతాయి. మనుషులలో పుట్టవు. విరిగిన ఎముక అతుకుతుంది, తెగిన చర్మం మానుతుంది. కానీ పోయిన రోమ కణం తిరిగి రాదు. పుట్టినప్పుడు వచ్చినవే జీవితమంతా వాడుకోవాలి.

ఈ నష్టం ఒక్కసారిగా తెలియదు. సాధారణంగా మొదట 4000 హెర్ట్జ్‌ల దరిదాపుల్లోని స్వరాలు వినబడడం తగ్గుతుంది. మన మాటల్లో స, ష, చ, త వంటి హల్లుల స్పష్టత ఎక్కువగా ఆధారపడేది ఇలాంటి పై పౌనఃపున్యాల మీదే. అప్పుడు గొంతు వినిపిస్తుంది గాని మాట విడమరచి తెలియదు. వెనక బెంచీలో కూర్చున్న విద్యార్థికి పాఠం అర్థం కాకపోవడానికి కారణం తెలివి లోపమే కానక్కరలేదు!

మరి హద్దు ఏది? ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం కలిసి 2018 లో పాటలు వినిపించే పరికరాలకు ఒక ప్రమాణాన్ని ప్రకటించాయి. దాని ప్రకారం పెద్దలు వారానికి 40 గంటలు 80 డెసిబెల్‌ల దగ్గర వినవచ్చు. పిల్లలకు అదే 40 గంటలకు హద్దు 75 డెసిబెల్‌లు. శబ్దం 3 డెసిబెల్‌లు పెరిగినప్పుడల్లా వినగల కాలం సగమవుతుంది. ఎందుకో మీరే చెప్పగలరు. 3 డెసిబెల్‌లంటే సామర్థ్యం రెట్టింపు. చెవిలో పడే మొత్తం శక్తి మారకుండా ఉండాలంటే కాలం సగం కావాలి. మనం ఆంప్లిఫయరు కోసం నేర్చుకున్న నియమమే ఇక్కడ చెవిని కాపాడే నియమమైంది!

పిల్లలకు వారం మొత్తానికి అనుమతించే కాలం ఇది.

75 డెసిబెల్‌ల దగ్గర: 40 గంటలు
78 డెసిబెల్‌ల దగ్గర: 20 గంటలు
81 డెసిబెల్‌ల దగ్గర: 10 గంటలు
84 డెసిబెల్‌ల దగ్గర: 5 గంటలు
87 డెసిబెల్‌ల దగ్గర: రెండున్నర గంటలు
90 డెసిబెల్‌ల దగ్గర: గంటా పావు
100 డెసిబెల్‌ల దగ్గర: సుమారు 7 నిమిషాలు
110 డెసిబెల్‌ల దగ్గర: ముప్పావు నిమిషం

ఇప్పుడు ఈ పట్టికను, కనకం పట్టికను పక్కపక్కన పెట్టి చూడండి. కనకానికి 1 మిల్లీవాట్ ఎడతెగకుండా ఇస్తే 100 డెసిబెల్‌లు. ఏడు నిమిషాలకే మీ వారం వాటా అయిపోతుంది! అర వోల్టు ఇచ్చే మామూలు ఫోను వాల్యూం మొత్తం పెంచితే కనకం 109 డెసిబెల్‌ల దాకా పోతుంది. ఒక నిమిషంలోపే వాటా చెల్లు. చెవులు పోవడానికి పెద్ద ఆంప్లిఫయరు అక్కరలేదన్నమాట. జేబులోని ఫోనే చాలు.

అదే ఫోనుకు భీముణ్ణి తగిలిస్తే 89 డెసిబెల్‌లు దాటదు. ఫోను అదే, నాబ్ అదే, తేడా మాత్రం 20 డెసిబెల్‌లు. "వాల్యూం సగంలో పెట్టాను కదా" అనే ధీమా ఎంత పనికిరానిదో చూశారా! సగమన్నది ఫోను చెప్పే మాట. చెవికి చేరేదెంతో హెడ్‌ఫోన్‌ను బట్టి ఉంటుంది. ముఖ్యంగా, భీముడి కోసం ఆంప్లిఫయరును బాగా పెంచి ఉంచి, ఆ స్థానంలో కనకాన్ని తగిలించి చెవికి పెట్టుకుంటే ఒక్కసారిగా 100 రెట్ల సామర్థ్యంతో సమానమైన దెబ్బ తగులుతుంది. అందుకే హెడ్‌ఫోన్ మార్చే ముందు వాల్యూంను పూర్తిగా తగ్గించడం అలవాటు చేసుకోండి.

ఏం చేయాలి?

మన లెక్కలు చెప్పేది ఇంతే. ఆంప్లిఫయరులో శిఖరాలకు సరిపడా నిల్వ ఉండాలి. సగటు మాత్రం 70 డెసిబెల్‌ల దగ్గరే ఉండాలి. నిల్వ శుభ్రత కోసం, హద్దు చెవి కోసం. చాలా హెడ్‌ఫోన్లకు ఆ నిల్వ కొద్ది మిల్లీవాట్లలోనే తీరిపోతుంది.

డెసిబెల్ మీటరు లేనివారు ఏం చేయాలి? నిశ్శబ్దంగా ఉన్న గదిలో వాల్యూంను సున్నా నుంచి మెల్లగా పెంచుతూ, మాటలు స్పష్టంగా వినిపించిన చోట ఆపండి. అక్కడి నుంచి పెంచకండి. చేయి చాచినంత దూరంలో ఉన్న మనిషి మామూలుగా మాట్లాడితే ఏమీ వినబడకపోతే పాట ఎక్కువైనట్టు అనుమానించాలి. విన్న తరువాత చెవుల్లో గుయ్‌మని జోరీగ మోత వినిపిస్తే హద్దు దాటినట్టే. అది రోమ కణాల మొర.

బస్సులో సంగతి వేరు. అక్కడ రొదే 80 డెసిబెల్‌లు. దాన్ని మించి పాట వినిపించాలని 88 కి పెంచుతాం. అంటే రోజుకు అరగంట కూడా కాదు, సుమారు 17 నిమిషాలే వినాలి. చెవిని బాగా మూసే హెడ్‌ఫోన్ ఆ రొదను 20 డెసిబెల్‌లు తగ్గించిందనుకోండి. అప్పుడు 70 దగ్గరే హాయిగా వినవచ్చు. పాటను పెంచడం కన్నా రొదను తగ్గించడం మేలు. అయితే రోడ్డు దాటేటప్పుడూ, సైకిలు తొక్కేటప్పుడూ, రైలు పట్టాల దగ్గరా చెవులు మూసుకొని ఉండడం ప్రాణం మీదికి తెస్తుంది. అప్పుడు హెడ్‌ఫోన్ సంచిలో ఉండాలి.

"మాది బ్లూటూత్ ఇయర్‌బడ్, దానికి ఆంప్లిఫయరే లేదు" అంటారా? ఉంది. చెవిలో దూరే ఆ గింజలోనే ఉంది. దానికి ఎన్ని మిల్లీవాట్లు కావాలో తయారీదారే లెక్క కట్టి పెట్టాడు. ఆ లెక్క మీరు చేయనక్కరలేదు. కానీ వారానికి ఎన్ని గంటలన్న లెక్క మాత్రం మీదే.

మీరే చేయండి

1. ఒక ఇయర్‌ఫోన్ అవరోధం 16 ఓములు, సున్నితత్వం 1 మిల్లీవాట్‌కు 103 డెసిబెల్‌లు. 73 డెసిబెల్‌ల శబ్దానికి ఎంత సామర్థ్యం, ఎంత వోల్టేజి కావాలి?

2. 300 ఓముల హెడ్‌ఫోన్‌కు అర వోల్టు ఇస్తే అది ఎన్ని మిల్లీవాట్లు తీసుకుంటుంది?

3. మీ తమ్ముడు రోజూ 84 డెసిబెల్‌ల దగ్గర పాటలు వింటాడు. రోజుకు ఎన్ని నిమిషాలు దాటకూడదు?

4. మీ ఇంట్లో ఉన్న హెడ్‌ఫోన్ల పెట్టెల మీద అవరోధం, సున్నితత్వం ఎంతో చూడండి. 70 డెసిబెల్‌లకు కావలసిన మిల్లీవాట్లు లెక్క కట్టి, మీ సైన్సు మాస్టారికి చూపండి.

జవాబులు: 1. 0.001 మిల్లీవాట్, 4 మిల్లీవోల్టులు. 2. సుమారు 0.83 మిల్లీవాట్. 3. వారానికి 300 నిమిషాలు కనుక, రోజుకు సుమారు 43 నిమిషాలు.